భూలోకం చుట్టాల్ని ఇంగ్లీషులో పిలిచిన కథ

తెలివి అనేది కొట్లో శేర్ల లెక్కన అమ్మే సరుకైతే, కొత్తమెరకలో దాన్ని కొనుక్కోనక్కర్లేని ఇల్లు ఒకే ఒక్కటి. అది భూలోకం ఇల్లు. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు, భూలోకమే అనేవాడు. సాయంత్రం పూట అరుగు మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని, దారినపోయే ప్రతివాడికీ పిలిచి మరీ చెప్పేవాడు.

"మా ఇంట్లో ముగ్గురం అండి. ముగ్గురికీ తెలివే. ఎవరిది వాళ్ళకే సరిపోద్ది. ఒకరిది ఒకరం వాడుకోం."

ముగ్గురంటే భూలోకం, వాళ్ళావిడ అచ్చియ్యమ్మ, ముప్పై ఏళ్ళొచ్చిన తమ్ముడు తాతబ్బాయి. వాళ్ళ తెలివి ఎలాంటిదో ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఓసారి బడి మాస్టారు "టైము దాచుకోవాలయ్యా భూలోకం, పారబోసుకోకూడదు" అన్నాడు. అంతే! భూలోకం సంతకెళ్ళి గోడ గడియారం కొనుక్కొచ్చి, ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసేశాడు. అప్పట్నించీ ఎవరైనా "టైమెంతయింది భూలోకం?" అనడిగితే, పెట్టె వైపు చూసి గర్వంగా "బోలెడుందండి, ముట్టుకోలేదు" అనేవాడు.

ఇక తాతబ్బాయి సంగతి. అతను కాకినాడలో ఓ ఆసుపత్రి క్యాంటీన్లో మూడు నెలలు గ్లాసులు కడిగొచ్చాడు. ఆ మూడు నెలల్లో చెవిలో పడ్డ ఇంగ్లీషంతా ఇంటికి తెచ్చుకున్నాడు. అందుకని ఇంగ్లీషు మాట ఏదొచ్చినా ఆ ఇంట్లో తీర్పు అతనిదే.

రోహిణి కార్తెలో ఓ మధ్యాహ్నం ముగ్గురూ అన్నాలు తింటుంటే పెద్ద గాలిదుమారం లేచింది. లేచి, వాళ్ళ ఇంటి తాటాకు కప్పుని టోపీ తీసినట్టు తీసి, తీసుకెళ్ళి కాలవలో పడేసింది. ముగ్గురూ తలెత్తి చూశారు. పైన నీలంగా ఆకాశం.

"ఇల్లు ఎత్తు పెరిగిందండోయ్" అంది అచ్చియ్యమ్మ.

"ఎత్తొక్కటేనేంటే? కిటికీ లేదు, కిటికీ లేదు అని ఏడ్చేదానివిగా. చూడు, ఎంత పెద్ద కిటికీ వచ్చిందో" అన్నాడు భూలోకం.

రెండ్రోజులు సంతోషంగానే ఉన్నారు. మూడోనాడు మంగళవారం, కాలవ అవతల పెదగట్టు నుంచి కబురొచ్చింది. చెల్లెలు గంగాభవాని పురిటికి ఆదివారం పుట్టింటికి వస్తోందని.

అప్పుడు భూలోకం గుండె జారింది. తల్లి పోయేసరికి గంగాభవానికి మూడేళ్ళు. భుజాన వేసుకుని పెంచాడు. ఇప్పుడా పిల్ల నిండు మనిషై వస్తుంటే పడుకోబెట్టడానికి ఆకాశం కింద మంచం తప్ప ఏముంది? మృగశిర ఇంకో నాలుగురోజుల్లో వచ్చేస్తుంది. వాన మొదలైతే ఆగదు.

నిజానికి సామాన్లకేం కొదవలేదు. గట్టు మీద సొంత తాడిచెట్లు, పెరట్లో ఎండిన ఆకు కొండలా పేర్చి ఉంది. వాసాలు గట్టిగానే ఉన్నాయి. తక్కువైంది మనుషులే. ఆ ఊళ్ళో ఇల్లు నేయడం, అంటే ఇంటికి తాటాకు కప్పడం, కూలిపని కాదు, చుట్టాల పని. ఇవాళ మీ ఇంటికి మేమొస్తాం, రేపు మా ఇంటికి మీరు రండి. ఓ పూట అన్నం పెడితే చాలు.

"మనవాళ్ళని పిలవండి. పదిమంది చెయ్యేస్తే ఒక్కపూట పని" అంది అచ్చియ్యమ్మ.

"పిలుస్తాను. ఎలా పిలవాలన్నదే నా ఆలోచన" అన్నాడు భూలోకం. "కిందటేడు మిల్లువారింట్లో పెళ్ళికి శుభలేఖ ఇంగ్లీషులో వేయించారు. వెయ్యిమంది వచ్చారు. మన ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి నేను తెలుగులో పిలిచాను. నలుగురొచ్చారు. అందులో ఒకాయన దారి తప్పి వచ్చాడు. తేడా ఎక్కడుందో తెలుస్తోందా?"

"ఇంగ్లీషులో ఉందన్నయ్యా!" అన్నాడు తాతబ్బాయి.

ఇంకేముంది! బుధవారం పొద్దున్నే ఇద్దరూ బడి మాస్టారు దగ్గరికి పరిగెత్తారు. మాస్టారు సెలవులకి ఊరెళ్తూ బస్సు మెట్టు మీద ఓ కాలు పెట్టి ఉన్నాడు.

"మాస్టారూ, చుట్టాల్ని ఇంగ్లీషులో ఏమంటారండీ? ఇల్లు నేయడానికి పిలవాలి" అన్నాడు భూలోకం.

మాస్టారు మంచివాడు. పక్కన డ్రైవరు హారను కొడుతున్నా ఓపిగ్గా చెప్పాడు. "చుట్టాల్లో చాలా రకాలయ్యా. ముందు నీ ఫ్యామిలీ ట్రీ వేసుకో. పై కొమ్మ మీద మీ బాబాయి ఉంటాడు, అక్కణ్ణించి మొదలుపెట్టు. తర్వాత బ్లడ్ రిలేషన్ ఎవరో చూసుకో. డిస్టెంట్ రిలేషన్సు, క్లోజ్ రిలేషన్సు, ఇన్‌లాసు, ఎవర్నీ వదలకు. అందరూ కలిస్తేనే ఫ్యామిలీ!"

బస్సు వెళ్ళిపోయింది. భూలోకం ఆ మాటల్ని ఒక్కటీ కింద పడకుండా, నోరు గట్టిగా మూసుకుని ఇంటికి తెచ్చాడు. దారిలో ఎవరు పలకరించినా పలకలేదు. ఇంటికొచ్చి తమ్ముడి ముందు నోరు తెరిచాడు.

"ట్రీ అంటే?"

"చెట్టు. ఆసుపత్రి ముందు పెద్ద ట్రీ ఉండేది. దాని కిందే గ్లాసులు కడిగేవాణ్ణి" అన్నాడు తాతబ్బాయి.

"చెట్టు ఇప్పుడు వేస్తే ఎప్పటికి కొమ్మలొస్తాయి? మన పెరట్లో మామిడిచెట్టు ఉందిగా, అదే ఫ్యామిలీ చెట్టు." భూలోకం పెరట్లోకెళ్ళి తలెత్తి చూశాడు. "పై కొమ్మ మీద బాబాయి ఉంటాడన్నారు. లేడే!"

"లేకపోతే మనమే ఉంచాలి" అంది అచ్చియ్యమ్మ.

బాబాయి గవర్రాజుకి అరవై దాటాయి. ఊళ్ళో ఇల్లు నేయడంలో ఆయన్ని మించినవాడు లేడు. భూలోకం వెళ్ళి చేతులు కట్టుకుని "బాబాయ్, మా ఇంట్లో నీ స్థానం అన్నిటికంటే పైన. నువ్వొస్తే గానీ పని మొదలవదు" అన్నాడు. గవర్రాజు పొంగిపోయాడు. ఇన్నాళ్ళకి అన్న కొడుక్కి పెద్దరికం అంటే ఏంటో తెలిసిందని, ఉతికిన పంచె కట్టుకుని మరీ వచ్చాడు.

వచ్చేసరికి చెట్టుకి నిచ్చెన వేసి ఉంది. "ఎక్కు బాబాయ్."

"ఎందుకురా?"

"మాస్టారు చెప్పారు బాబాయ్. ఇంగ్లీషులో నువ్వుండేది అక్కడే."

కప్పుకి కొలత పైనుంచి చూడమంటున్నారేమో అనుకున్నాడు పాపం. ఎక్కి పై కొమ్మ మీద కూర్చున్నాడు. అంతే, తాతబ్బాయి నిచ్చెన తీసేశాడు. మామిడాకుల గూళ్ళలో ఎర్రచీమలు కాపరం ఉంటాయని మీకు తెలుసు, నాకు తెలుసు, గవర్రాజుకీ తెలుసు. కానీ కూర్చున్నాకే గుర్తొచ్చింది.

"ఒరేయ్! చీమలురా! నిచ్చెన తేరా!"

"ఉంటాడన్నారు గానీ దిగుతాడని చెప్పలేదు బాబాయ్!"

"ఒరేయ్, పంచెలోకి దూరాయిరా!"

"చూశావా తాతబ్బాయ్, మన చెట్టు మీద ఎంతమంది ఉన్నారో! పెద్ద ఫ్యామిలీయే" అన్నాడు భూలోకం ఆనందంగా.

గవర్రాజు చివరికి కొమ్మకి వేలాడి, దూకి, పంచె కొమ్మకే వదిలేసి, గోచీతో ఇంటికి పరిగెత్తాడు. మొహం గుమ్మడికాయలా వాచింది. "వాళ్ళ గుమ్మం తొక్కితే నేను గవర్రాజునే కాదు" అని వీధిలో అరిచాడు.

"ఆవేశపడ్డాడు గానీ, ఓ పనైపోయింది" అన్నాడు భూలోకం. పంచెని కొమ్మ మీదే ఉంచేశారు, ఆయనకి గుర్తుగా.

గురువారం బ్లడ్ రిలేషన్ల వంతు. "బ్లడ్ అంటే రక్తం. ఆసుపత్రిలో సూదితో పొడిచి చూసేవాళ్ళు" అన్నాడు తాతబ్బాయి. సూది లేదు గనక తుమ్మముల్లు తెచ్చారు. ముందు భూలోకం తన వేలు పొడుచుకున్నాడు. ఎర్రగా బొట్టు వచ్చింది.

"మనది ఎరుపు. ఎవరిది ఎరుపైతే వాళ్ళు మన చుట్టం. పదండి!"

మొదట గాజులమ్మి దొరికింది. ఎరుపు. తర్వాత గోడకి సున్నం వేసే మేస్త్రి. ఎరుపు. తర్వాత పోస్టుమాను. ఆయన వేలు లాక్కుని పొడిచేసరికి "చచ్చాన్రా" అని సంచీ వదిలేశాడు. బొట్టు చూడగానే భూలోకం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన్ని గట్టిగా కావలించుకున్నాడు.

"ఇన్నేళ్ళూ గుమ్మం దాకా వచ్చి ఉత్తరం ఇచ్చి వెళ్ళిపోయావు. రక్తసంబంధం అని ఒక్కసారి చెప్పలేదేం అన్నయ్యా!"

పక్కింటి మేక కంచెలో చెవి గీరుకుని నిలబడి ఉంది. దానిదీ ఎరుపే.

"వరసేమవుద్దంటావ్?" అన్నాడు తాతబ్బాయి.

భూలోకం పరీక్షగా చూశాడు. "గడ్డం ఉంది, పెద్దమనిషి. మావయ్య వరస పెట్టుకుందాం." వంగి దణ్ణం పెట్టాడు. "ఆదివారం పొద్దున్నే రావాలి మావయ్యా." మేక మే అంది. "ఏ అభ్యంతరం చెప్పలేదు చూశావా! మనుషులకి లేదురా ఆ మంచితనం."

తర్వాత మేనత్త మహాలక్ష్మి ఇంటికెళ్ళారు. ఆవిడ వంట చేస్తే పదూళ్ళు లొట్టలు వేస్తాయి. ఇల్లు నేసేరోజు అన్నాలు వండి పెట్టేది ఎప్పుడూ ఆవిడే. ఆవిడ గుమ్మంలో కూర్చుని సీసాలోంచి టానిక్కు చెంచాలోకి పోసుకుంటోంది.

"అత్తా, ఓసారి వేలివ్వు. రక్తం చూడాలి."

"నా ఒంట్లో రక్తమెక్కడిదిరా నాయనా! మొన్న డాక్టరమ్మ చూసి అసలు రక్తమే లేదంది. అందుకేగా ఈ టానిక్కు" అంది మహాలక్ష్మి.

అన్నదమ్ములు మొహమొహాలు చూసుకున్నారు.

"రక్తమే లేదా? అంటే... ఇన్నాళ్ళూ మేనత్తవని అనుకున్నాం. నువ్వు మాకేమీ కావన్నమాట. పోన్లే అత్తా, కాదులే, పోన్లేమ్మా. తెలియక పిలిచాం. చిన్నప్పుడు నువ్వు పెట్టిన అరిసెలు కూడా తినేశాం, మనసులో పెట్టుకోకు."

"ఏం కూశావురా?"

"ఇహ మా ఇంటికి రావాల్సిన పన్లేదండి" అని దణ్ణం పెట్టి బయటికొచ్చేశాడు. వెనకనుంచి చెంచా వచ్చి వీపుకి తగిలింది. సీసా మటుకు విసరలేదు, సగం మందు ఉంది కాబట్టి.

శుక్రవారం డిస్టెంటు రిలేషన్లు. "డిస్టెంటు అంటే దూరం. దూరంగా నిలబడి మాట్లాడాలి. అంటుజబ్బు వార్డు దగ్గర డాక్టరుగారు 'డిస్టెన్సు, డిస్టెన్సు' అని అరిచేవాడు" అన్నాడు తాతబ్బాయి. వేలు విడిచిన అన్నదమ్ముల్లో దూరపువాడు ఎవడా అని చూస్తే, పక్కింటి సూరిబాబు తేలాడు. ఉండేది మాత్రం గోడ అవతలే. గోడ మీంచి చెయ్యి చాపితే జుట్టు అందుతుంది. అయినా పద్ధతి పద్ధతే. భూలోకం పొలాలు దాటి, కాలవ దాటి, అవతలి గట్టెక్కి, అక్కణ్ణించి గొంతెత్తాడు.

"సూరిబాబో...య్! మా కప్పు ఎగిరిపోయిందిరో...య్!"

సూరిబాబు పెరట్లోంచి చెయ్యి చెవికి ఆనించుకున్నాడు. "కప్పా? ఎగిరిపోతే పోనీరా! కప్పకోసం ఏడుస్తావేంటి!"

"కప్ప కాదురా, కప్పు! ఇంటికి కప్పు కావాలి!"

"కప్పు కావాలా? కాఫీ కప్పా, టీ కప్పా?"

"ఆకు! తాటాకు!"

"మేకా? మీ మేక పోయిందా?"

"మేక మా మావయ్యరా! ఆదివారం వస్తానంది!"

ఈ అరుపులకి పొలాల్లో వాళ్ళంతా పనులాపి నిలబడ్డారు. మేక పోయిందన్నారు ఒకరు, మావయ్య పోయాడన్నారు ఇంకొకరు. సాయంత్రానికి మావయ్య పోయాడనే కబురే గట్టిపడింది. భూలోకం సొంత మేనమామ పుల్లయ్య ఇంటి ముందు పది మంది ఆడవాళ్ళు గుంపుగా చేరి శోకాలు మొదలెట్టారు. పుల్లయ్య లోపల్నించి జంతికలు నములుతూ వచ్చి "ఎవరు పోయారమ్మా?" అనడిగితే ఇద్దరు మూర్ఛపోయారు.

శనివారం పొద్దున్న, ఆ పుల్లయ్య వంతే వచ్చింది. "మేనమామకంటే క్లోజ్ రిలేషన్ ఎవరుంటారు?" అన్నాడు భూలోకం. "క్లోజ్ అంటే?"

"మూసెయ్యడం. తొమ్మిదయ్యేసరికి క్యాంటీన్ క్లోజ్ చేసి తాళం వేసేవాళ్ళం" అన్నాడు తాతబ్బాయి.

అంతే. పుల్లయ్య, ఆయన భార్య ఇంట్లో చద్దన్నం తింటుండగానే బయట తలుపు దగ్గరకి లాగి, గొళ్ళెం పెట్టి, ట్రంకుపెట్టె తాళం తెచ్చి వేసేశారు.

"ఎవర్రా అది?"

"మేమే మావయ్యా! నువ్వు మాకు బాగా క్లోజు! రేపు పొద్దున్న తీస్తాం, పనికి రావాలిగా!"

లోపల్నించి పుల్లయ్య తిట్టిన తిట్లు వీధి చివరిదాకా వినిపించాయి. భూలోకానికి మాత్రం అవి వినబడలేదు. అతని మనసంతా చివరి మాట మీదే ఉంది. "ఇన్‌లాసు అంటే ఏంట్రా?"

ఆ మాట వినగానే తాతబ్బాయి దిగాలుగా కూలబడ్డాడు. "అన్నయ్యా, లాసు అంటే నష్టం. మా క్యాంటీన్ లాసులో ఉందనే నన్ను పంపేశారు. ఇన్‌లాసు అంటే నష్టంలో మునిగినవాళ్ళు."

"మరి మన చుట్టాల్లో అలాంటివాళ్ళు ఎవరు?"

అచ్చియ్యమ్మ కాసేపు ఆలోచించి, "మొన్న మాస్టారి భార్య ఎవరితోనో 'మా అమ్మాయి ఇన్‌లాసు వచ్చారు' అంటుంటే విన్నాను. అంటే ఆడపిల్లనిచ్చిన వియ్యాలవారు" అంది.

ఇంకేముంది! భూలోకం నెత్తిన పిడుగు పడింది. గంగాభవాని అత్తవారు నష్టపోయారా! పెదగట్టులో చెల్లెలి మొగుడు దొరబాబు బావంటే మహారాజులాంటి మనిషి. పండక్కి ఊరందరికీ బట్టలు పెడతాడు. అలాంటి ఇల్లు మునిగిపోయిందా! అందుకేనేమో చెల్లెల్ని పురిటికి పంపించేస్తున్నారు. ఓ పిడికెడు గింజలైనా ఉన్నాయో లేవో!

"ఇల్లు సంగతి తర్వాత. ముందు బావని ఆదుకోవాలి" అన్నాడు భూలోకం, కళ్ళు తుడుచుకుని. ఓ గోనెసంచి భుజాన వేసుకున్నాడు.

అన్నదమ్ములిద్దరూ కాలవ దాటి పెదగట్టు వెళ్ళి, గడప గడపకీ నిలబడ్డారు. "అమ్మా, దొరబాబుగారి కుటుంబం నష్టాల్లో ఉందండి. తిండికి లేదండి. ఓ చారెడు బియ్యం పెట్టండమ్మా." ఊళ్ళోవాళ్ళు ముందు నవ్వారు. తర్వాత అనుమానపడ్డారు. ఆ తర్వాత 'నిజంగానే ఏదో జరిగిందేమో' అని సంచిలో పోశారు. అలా సంచి నిండుతూ, నిండుతూ, వీధి చివర పెద్ద పెంకుటింటి దగ్గరికొచ్చేసరికి అది దొరబాబు ఇల్లేనని ఇద్దరికీ తట్టలేదు. వాళ్ళెప్పుడూ అటువైపునుంచి వచ్చేవాళ్ళు, ఇవాళ ఇటువైపునుంచి వచ్చారు.

"అమ్మా! దొరబాబుగారికి ఓ చారెడు..."

దొరబాబే చేటలో బియ్యం తీసుకుని గుమ్మంలోకొచ్చాడు. ఆగిపోయాడు. "బావా! నువ్వా! ఏంటిది? ఎవరికోసం అడుక్కుంటున్నావు?"

"నీకోసమే బావా!" భూలోకం బావురుమని సంచి ఆయన కాళ్ళ దగ్గర దింపాడు. "దాచుకోకు. మాకంతా తెలిసిపోయింది. ఊరంతా తిరిగి తెచ్చాం. ఇది తిను. చేటలో ఉన్నవి కూడా ఇందులో పోసెయ్, నీ బియ్యమే నీకు కలిసొస్తాయి."

దొరబాబు మొహం కందగడ్డైంది. ఎదురింటివాళ్ళు, పక్కింటివాళ్ళు అంతా చూస్తున్నారు. ఒకావిడ అప్పుడే ఓ గిన్నెలో పచ్చడి కూడా తెచ్చింది, పాపం వట్టి బియ్యం ఎలా తింటారని.

"నడవండి మీ ఊరు!" అని అరిచాడు దొరబాబు. "మీ పెద్దవాళ్ళ ముందే తేల్చుకుంటాను! బండి కట్టండ్రా!"

"నేనూ వస్తాను. ఎలాగూ రేపు రావాల్సిందేగా" అంది లోపల్నించి గంగాభవాని. అన్నల సంగతి ఎరిగినదే. ఆపుకోలేని నవ్వుకి పొట్ట పట్టుకుని మరీ బండెక్కింది. గోనెసంచి, పచ్చడి గిన్నె కూడా సాక్ష్యంగా ఎక్కాయి.

బండి కొత్తమెరక చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. భూలోకం ఇంటి ముందు అప్పటికే జనం. వాచిన మొహంతో గవర్రాజు బాబాయి, పంచె తీసుకుపోదామని వచ్చాడు. మేనత్త మహాలక్ష్మి "నేను వీళ్ళకేమీ కానంట, పదిమందిలో అడుగుతాను" అని కొంగు బిగించి నిలబడింది. సూరిబాబు గొంతు పోయి చేతులతో తిడుతున్నాడు. అంతలో వీధి మలుపులోంచి ఓ తలుపు నడుచుకుంటూ వచ్చింది. దాని కింద పుల్లయ్య మావయ్య ఉన్నాడు. బందులు ఊడబెరికి, తాళం వేసిన తలుపుని అలాగే వీపున వేసుకుని వచ్చాడు.

"ఏడీ వాడు? తాళం తియ్యమను దీనికి!"

భూలోకం పరమానందపడిపోయాడు. "చూశావే అచ్చియ్యమ్మా! ఆదివారం అంటే శనివారమే వచ్చేశారు! ఇంగ్లీషు మహిమ!"

అప్పుడు మొదలైంది. అందరూ ఒకేసారి అరిచారు. చీమలని ఒకరు, రక్తమని ఒకరు, తాళమని ఒకరు, బియ్యమని ఒకరు. భూలోకం ఒక్కొక్కరి వైపూ తిరిగి "ఆయ్, ఆయ్" అంటూ తల ఊపుతున్నాడు. ఎవరు ఏమంటున్నారో అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. వీళ్ళకి కోపమొచ్చిందని మాత్రం నెమ్మదిగా తెలిసింది. అది తెలిశాక అతని మొహం చిన్నపిల్లాడి మొహమైపోయింది.

"చెల్లాయి తడిసిపోద్దని పిలిచాను బాబాయ్" అన్నాడు. "తప్పుగా పిలిచానేమో. నాకు ఇంగ్లీషు రాదు."

గంగాభవాని బండి దిగింది. గోడలున్న ఇంట్లోకి, కప్పులేని ఇంట్లోకి నడిచింది. పుల్లయ్య లోపలికి తెచ్చి దించిన తలుపు మీద ఆయాసంగా కూర్చుంది. తలెత్తి చూసింది. పైన మబ్బు నల్లగా దిగుతోంది. ఒక్క చినుకు, లావుది, ఆమె నుదుటి మీద పడింది.

గవర్రాజు ఆకాశం వైపు చూసి, తల గోక్కుని, "నిచ్చెన తేరా సన్నాసీ" అన్నాడు.

అంతే! పుల్లయ్య తలపాగా చుట్టాడు. దొరబాబు జరీ కండువా తీసి బండి మీద పడేశాడు. సూరిబాబు తాటాకు మోపు నెత్తికెత్తుకున్నాడు. మహాలక్ష్మి గోనెసంచి మూతి విప్పి "పెదగట్టు బియ్యం బానే ఉన్నాయే" అని పొయ్యి రాజేసింది. పోస్టుమాను ఉత్తరం ఇవ్వడానికొచ్చి, మనకి రక్తసంబంధం కదా అని ఆకు అందివ్వడానికి నిలబడిపోయాడు.

మధ్యలో ఇంటివాళ్ళు చేసిన సాయం ఇంతా అంతా కాదు. "తాతబ్బాయ్, ఈ మోపు మీద ఓ చెయ్యెయ్యి" అన్నాడు సూరిబాబు సైగ చేసి. తాతబ్బాయి చెయ్యి వేశాడు. వేసి, గంటసేపు తియ్యకుండా అలాగే నిలబడ్డాడు. "అన్నం మీద ఓ కన్నేసి ఉంచవే" అని మహాలక్ష్మి చెబితే, అచ్చియ్యమ్మ గంజి ఆవిరిలో మొహం పెట్టి, ఒక కన్ను మూసి రెండో కన్ను గిన్నెలోకి ఆనించబోయి, కనుబొమ్మ కాల్చుకుంది. భూలోకాన్ని మటుకు గవర్రాజు ఏ పనీ చెప్పకుండా దూరంగా కూర్చోబెట్టాడు. "కదలకు" అన్నాడు. భూలోకం కదల్లేదు. ఈగ వాలినా కదల్లేదు.

చీకటి పడకముందే ఆఖరి వరస ఆకు కట్టడం అయింది. నారతో ఆఖరి ముడి బిగించి గవర్రాజు దిగాడు. అప్పుడే వాన వచ్చింది, ధారగా. అందరూ లోపల చేరి వేడివేడి అన్నం, ఆ పచ్చడి వేసుకుని తిన్నారు. తింటూ తింటూ చెట్టు మీది బాబాయిని తలుచుకుని దొరబాబే మొదట నవ్వాడు. ఇహ ఆగలేదు ఎవరికీ. గవర్రాజు కూడా వాచిన బుగ్గలతో నవ్వాడు, నొప్పెట్టినా. గంగాభవాని మూల మంచం మీద పొడిగా, వెచ్చగా, కళ్ళు మూసుకుని పడుకుంది. ఆమె వైపు చూస్తూ భూలోకం తెల్లారి పోస్టుమానుకి కొత్త పంచె పెట్టాలనుకున్నాడు, రక్తసంబంధం ఉన్న అన్నయ్య కదా.

వాన కాస్త సన్నబడగానే చుట్టాలు లేచారు. వెళ్తూ వెళ్తూ పుల్లయ్య మావయ్య గుమ్మంలో ఆగాడు. "ఒరేయ్ భూలోకం, కొత్తగా నేసిన కప్పు. ఎక్కడ కారుతోందో చూసి గుర్తు పెట్టి ఉంచు. రేపు పొద్దున్నే అందరం వచ్చి సర్దేస్తాం."

"ఆయ్" అన్నాడు భూలోకం.

వాళ్ళు వెళ్ళగానే సుద్దముక్క పట్టుకుని బయల్దేరాడు. ఈ మూల చూశాడు. కారడంలేదు. ఆ మూల చూశాడు. లేదు. నడిమధ్య నిలబడి అరచెయ్యి చాపి చూశాడు. ఒక్క బొట్టు లేదు. గవర్రాజు చేతి పని మరి! భూలోకానికి చెమటలు పట్టాయి.

"ఎక్కడా కారట్లేదే! పొద్దున్నే పనులు మానుకుని అందరూ వస్తారు. గుర్తు ఏదిరా అంటే ఏం చూపించాలి?"

"అయ్యో, అంత దూరం వచ్చినవాళ్ళని పని లేదని ఎలా పంపిస్తామండీ! మళ్ళీ కోపాలొస్తాయి" అంది అచ్చియ్యమ్మ.

ముగ్గురూ తల పట్టుకున్నారు. చివరికి భూలోకమే లేచాడు. పెరట్లోంచి వెదురుగెడ తెచ్చాడు. చెల్లెలు పడుకున్న మూల వదిలేసి, తన మంచం దగ్గర నిలబడి, కొత్త కప్పులోకి కసుక్కున ఒక పోటు పొడిచాడు. నీళ్ళు ధారకట్టాయి. చుట్టూ సుద్దతో గుండ్రంగా గీత గీశాడు. "ఇది పుల్లయ్య మావయ్యది."

"మరి బాబాయికి?" అన్నాడు తాతబ్బాయి.

"అవునురోయ్! ఒక్క చిల్లు అందరికీ ఎలా సరిపోద్ది?" ఇంకోటి పొడిచాడు. "ఇది బాబాయిది. ఇది సూరిబాబుది. ఇది పోస్టుమాను అన్నయ్యది."

అలా ఒక్కొక్క చుట్టానికీ ఒక్కొక్కటి, ఎవరికీ తక్కువ చెయ్యకుండా పొడుచుకుంటూ వచ్చాడు. ముగ్గురూ నిలువునా తడిసిపోయారు, కానీ మనసు నిమ్మళించింది. ఆఖరున దొరబాబు బావ వంతు వచ్చింది. ఎంతైనా ఇంటి అల్లుడు, మర్యాద లోపం జరగకూడదు. అందుకని ఆయనకి మాత్రం భూలోకం గెడ పక్కన పెట్టి, వెళ్ళి రోకలి తెచ్చాడు.